రోజూ బండి నడిపేవాళ్లకి తోలు గ్లౌజులు: ఏ తోలు, ఏ కొలత, ఏ కాలానికి

మా ఇంట్లో చెప్పుల స్టాండు కింద ఒక అట్టపెట్టె ఉంది. ఆరేళ్లలో నేను కొని పక్కన పడేసిన గ్లౌజులన్నీ అందులోనే ఉన్నాయి. ఒక జత మణికట్టు దాటి జానెడు పైకి వచ్చే గేదెతోలుది. అన్నిటికంటే ఎక్కువ డబ్బు దానికే పెట్టాను, అన్నిటికంటే తక్కువ వాడిందీ దాన్నే. ఇంకో జత ‘ప్యూర్ లెదర్’ అన్న ముద్ర చూసి కొన్న రెక్సిన్. రెండో ఎండాకాలం వచ్చేసరికి ఉల్లిపొట్టులా రాలిపోయింది. మూడోది వెన్నలాంటి గొర్రెతోలు. తొడుక్కున్నవాళ్లంతా మెచ్చుకున్నారు గానీ ఎనిమిది నెలలకే చూపుడువేలి కుట్టు దగ్గర నోరు తెరిచింది.

నాలుగో జత పెట్టెలో ఉండదు, బండి తాళంచెవి పక్కన మేకుకి వేలాడుతుంటుంది. అరచేతి వైపు మేకతోలు, పైవైపు గాలాడే మెష్ గుడ్డ, మణికట్టు దగ్గరే ఆగిపోయే పొట్టి రకం. అప్పట్లో రెండు వేలకి కాస్త అటూ ఇటూ పడింది. పాలపాకెట్టు కోసం వీధి చివరికి వెళ్లినా చేతికెక్కేది అదొక్కటే. నాకు తెలిసి రోజువారీ గ్లౌజుకి ఇంతకు మించిన పరీక్ష లేదు. వారాంతంలో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఎవరైనా తొడుక్కుంటారు. ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా పది నిమిషాల పనికి కూడా తొడుక్కోవాలనిపించాలి.

బండి మీంచి పడేటప్పుడు ఎవరూ ఆలోచించి పడరు. చేతులు వాటంతట అవే ముందుకి చాచుకుంటాయి, ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. చెయ్యి చాచి పడ్డప్పుడు మణికట్టులోని చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది అదే. దానికి రక్తం అందే దారి సన్నం కాబట్టి అతుక్కోవడమూ ఆలస్యమే. అందుకే గ్లౌజులో నేను మొదట చూసేది అరచేతి వైపే. అంగడివాళ్లు మాత్రం పైన మెరిసే కణుపు కవచాలనే ముందు చూపిస్తారు.

మేకా, గొర్రా, గేదా?

‘లెదర్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. ఏ జంతువు తోలో అడగండి. అంగట్లో చెప్పలేకపోతే లోపలి చీటీ చూడండి.

మేకతోలు పైన సన్నటి గింజలు గింజలుగా కనిపిస్తుంది. దాని గొప్పతనం ఏమిటంటే పలచగా ఉన్నా గట్టిది. మిల్లీమీటరు కూడా లేని మందంలోనే రాపిడికి తట్టుకుంటుంది, పట్టు కింద క్లచ్ లివర్ ఎక్కడుందో వేలికి తెలుస్తుంది. కొత్తలో ఓ వారం బిర్రుగా ఉండి, తరవాత చేతి వాటానికి వచ్చేస్తుంది. ఒకే జత కొనేవాళ్లకి నా ఓటు దీనికే.

గొర్రెతోలు అన్నిటిలోకీ మెత్తన. గ్లౌజుల మీద ‘నాపా’ అని రాసి ఉంటే చాలాసార్లు ఇదే. కారు స్టీరింగ్‌కి దీని హాయి వేరు. బండికి మాత్రం జాగ్రత్త. ఉన్ని గొర్రె చర్మంలో ఉన్ని కుదుళ్లు, కొవ్వు ఎక్కువ కాబట్టి తోలు వదులుగా తయారై తొందరగా సాగుతుంది, చిరుగుతుంది. ఉన్ని లేకుండా మేకలా నున్నటి వెంట్రుకలతో ఉండే గొర్రెల తోలు దానికంటే బిగువు. మన దగ్గర తేడా తెలియాలంటే గొంగళ్లకి ఉన్నినిచ్చే దక్కనీ గొర్రెని, వెంట్రుక గొర్రె అయిన నెల్లూరు జాతిని పక్కపక్కన ఊహించుకోండి. గోల్ఫు ఆటగాళ్ల గ్లౌజుల్లో వాడే ‘కాబ్రెట్టా’ తోలు ఈ రెండో తరహా గొర్రెలదే. పలచటి తోలే, పట్టు మాత్రం గట్టిది.

గేదెతోలు, ఆవుతోలు మందంగా ఉంటాయి, ఏళ్ల తరబడి మన్నుతాయి. కానీ లొంగదీసుకోవడానికే నెలలు పడుతుంది. హైవే మీద వందల కిలోమీటర్లు పోయేవాళ్లకి ఆ ఓపిక గిట్టుబాటు అవుతుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి వదిలి, నొక్కి వదిలి పోయేవాడికి సాయంత్రానికి ముంజేయి లాగేస్తుంది. ఆవుతోలు అంటే కొన్ని ఇళ్లలో గుమ్మం దాటనివ్వరు, అదీ ఒక లెక్కే. మేకతోలు కొంటే ఆ పేచీ కూడా ఉండదు.

జింకతోలు గ్లౌజులు అమెరికాలో మామూలుగా దొరుకుతాయి. తడిసి ఆరినా మళ్లీ మెత్తగానే ఉండటం వాటి ప్రత్యేకత. మన దేశంలో వన్యప్రాణుల రక్షణ చట్టం కింద జింకల వేట నేరం కాబట్టి ఇక్కడ ఎవరైనా ‘దేశవాళీ జింకతోలు’ అంటే నమ్మొద్దు, నిజమైతే ఇంకా కొనొద్దు. కంగారూ తోలు మందానికి తగ్గ బలంలో మేకని కూడా మించుతుంది గానీ దాని ధర రేసు ట్రాకులకెళ్లే వాళ్ల కోసం.

జంతువు తోలే వద్దనుకునేవాళ్లకి కూడా దారి ఉంది. జపాన్‌లో పుట్టిన క్లారినో లాంటి మైక్రోఫైబర్ రకాలు రెక్సిన్‌లా పొట్టు రాలవు, నీళ్లలో ఉతుక్కోవచ్చు, అరచేతి వైపు పట్టూ బాగుంటుంది. రోడ్డు మీద జారినప్పుడు మంచి తోలుకి మాత్రం సాటి రావు.

ఇక శుద్ధి సంగతి. ఒకప్పుడు మన ఊళ్లలో మాదిగవాడల లందల్లో, అంటే తోళ్లు నానబెట్టే తొట్లలో, తంగేడు చెక్క ఊరబెట్టిన నీళ్లలోనే తోళ్లు తయారయ్యేవి. ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడుకి ఇంగ్లిషులో చర్మకారుల పేరే పెట్టారు. అలా చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలు చెప్పులకి, సంచులకి బాగుంటుంది, గ్లౌజుకి బిరుసు. చేతి తొడుగుల తోలు దాదాపు అంతా క్రోమియం లవణాలతో శుద్ధి చేసిందే. అందుకే అంత మెత్తన, అందుకే తడిసినా అట్టకట్టదు. కొందరికి క్రోమియం పడదు. గ్లౌజు తీశాక మణికట్టు చుట్టూ ఎర్రబడి దురద పెడుతుంటే చెమటపొక్కులని ఊరుకోకండి. క్రోమ్ లేకుండా శుద్ధి చేసినవి విడిగా దొరుకుతాయి, లేదా లోపల నూలు తొడుగు వేసుకోవాలి.

రెక్సిన్‌ని ఎలా పట్టుకోవాలి

నేను ఒకసారి మోసపోయాను కాబట్టి చెబుతున్నా. అంచు చూడండి. మణికట్టు దగ్గరో వెల్క్రో పట్టీ చివరో కోసిన అంచు తప్పక కనబడుతుంది. తోలైతే నారలు నారలుగా, నూగుగా ఉంటుంది. రెక్సినైతే పైన పలచటి ప్లాస్టిక్ పొర, కింద నేసిన గుడ్డ. తరవాత బొటనవేలితో నొక్కండి. తోలు మీద ముడతలు ఒక తీరూ తెన్నూ లేకుండా నాలుగువైపులా పాకుతాయి, ప్లాస్టిక్ ఊరికే గుంటపడి లేస్తుంది. వాసన నమ్మొద్దు, తోలు వాసన సీసాల్లో దొరుకుతోంది. అగ్గిపుల్ల గీసి చూడమని చెప్పే పెద్దమనుషులు కూడా ఉన్నారు. షాపులో అలా చేస్తే గ్లౌజు కంటే ముందు మీరు బయటపడతారు.

పుత్లీబౌలి, కోఠి వైపు బైకు సామాన్ల దుకాణాల్లో మూడొందలకి దొరికే ‘లెదర్’ గ్లౌజుల్లో తోలు ఉంటుందని నేను అనుకోను. దాని బదులు అదే మూడొందలకి మంచి నూలు గ్లౌజు కొనుక్కోవడం నయం.

కొలత తప్పితే అన్నీ తప్పినట్టే

కొత్త చెప్పు కరిచినట్టే కొత్త గ్లౌజూ కరుస్తుంది. చెప్పు కరిస్తే కుంటుకుంటూ ఇంటికి చేరతాం, గ్లౌజు కరిస్తే బ్రేకు ఆలస్యమవుతుంది. అందుకే తోలు రకం కంటే, కంపెనీ పేరు కంటే నేను ఎక్కువ సమయం కొలతకే ఇస్తాను.

దర్జీ టేపు తీసుకుని, మీరు ఎక్కువ వాడే చేతికి బొటనవేలు వదిలేసి, మిగతా నాలుగు వేళ్ల మొదటి కణుపుల మీదుగా అరచేతి చుట్టూ కొలవండి. కొంచెం పిడికిలి బిగించి కొలిస్తే అసలు లెక్క తెలుస్తుంది. రెండో కొలత మధ్యవేలి పొడవు. ఈ రెండూ సెంటీమీటర్లలో రాసుకుని, ఆ కంపెనీవాళ్ల పట్టికతోనే పోల్చుకోండి. ఒకరి ‘ఎల్’ ఇంకొకరి ‘ఎమ్’ కావడం ఇక్కడ రోజూ జరిగేదే.

అంకెల సైజుల్లో ఒక తిరకాసు ఉంది. గ్లౌజులకి కొలతల పద్ధతి కట్టింది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కి చెందిన జేవియర్ జూవాఁ, 1834లో. ఆయన లెక్క ఫ్రెంచి అంగుళాల్లో, అంటే దాదాపు 2.7 సెంటీమీటర్లు. మన టేపు మీది అంగుళం 2.54. కాబట్టి ఆ పాత పద్ధతి పాటించే కారు గ్లౌజుల్లో 8 అంటే దగ్గరదగ్గర 21.6 సెంటీమీటర్ల అరచేయి. మన టేపుతో ఎనిమిదిన్నర వచ్చింది కదా అని ఎనిమిదిన్నరే తెప్పించుకుంటే వదులైపోతుంది. బండి గ్లౌజులు చేసేవాళ్లు ఎవరి లెక్క వాళ్లు పెట్టుకున్నారు. అందుకే సెంటీమీటర్లు మేలు అంటున్నా.

తొడుక్కున్నాక చెయ్యి చాపి చూసి ‘బాగుంది’ అనేయకండి. బండి నడిపేటప్పుడు చెయ్యి చాపి ఉండదు. షాపు బయట మీ బండి ఎక్కి కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, క్లచ్ ఓ ఇరవై సార్లు నొక్కండి. అరచేతిలో తోలు మడతపడి గ్రిప్‌కీ చేతికీ మధ్య ఇరుక్కుంటే సైజు పెద్దది. ఆ మడత ఉన్నచోటే నెలకో పొక్కు లేస్తుంది. వేలికొసల దగ్గర ఖాళీ మిగిలితే అది లివర్‌కి తగులుకుంటుంది. వేళ్ల సందుల్లో తోలు చివరిదాకా దిగాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మాత్రం లాగకూడదు. పిడికిలి బిగిస్తే గోళ్లకి కుట్టు గుచ్చుకుంటుందేమో చూడండి. లోపలివైపు కుట్టిన రకాల్లో ఈ బాధ ఎక్కువ, బయటికి కనబడేలా కుట్టినవాటిలో ఉండదు. ఆ బయటి కుట్లు మోటుగా కనిపిస్తాయని కొందరు వద్దంటారు గానీ నా వేలికొసలు వాటికే రుణపడి ఉన్నాయి.

తోలు అడ్డంగా కాస్త సాగుతుంది, నిలువుగా సాగదు. కాబట్టి అరచేతి దగ్గర కొద్దిగా బిగుతున్నా పర్లేదు, సర్దుకుంటుంది. వేళ్లు పొట్టిగా ఉంటే మాత్రం ‘వాడగా వాడగా వస్తుందండీ’ అన్న మాట వినకండి. రాదు. చెప్పుల మాదిరే గ్లౌజులూ సాయంత్రం పూట కొనాలి. పగలంతా తిరిగాక, అందులోనూ ఎండల్లో, చేతులు కాస్త ఉబ్బి ఉంటాయి.

ఇంకో చిన్న పరీక్ష: గ్లౌజుతోనే జేబులోంచి తాళంచెవి తీయండి, సైడ్ ఇండికేటర్ వేసి ఆపండి. ఈ రెండూ ఇబ్బందిగా ఉంటే అది రోజువారీ గ్లౌజు కాదు. ఫోను తెర సంగతి దీంతో కలపొద్దు. వేలికొసకి పూసిన విద్యుత్తు ప్రసరించే పూత ఆరు నెలల్లో అరిగిపోతుంది. పెట్రోలు బంకులో యూపీఐకి ఎలాగూ గ్లౌజు తీయక తప్పదు.

ఎండ, వాన, చలి

హైదరాబాద్ మే నెలకీ, ఇంకా చెప్పాలంటే విజయవాడ, రామగుండం మే నెలకీ నిండు తోలు పనికిరాదు. పావుగంటలో చెయ్యి ఉడికిపోతుంది. సూదిరంధ్రాల తోలు అని అమ్ముతారు. గాలి బాగానే ఆడుతుంది గానీ ఆ రంధ్రాలు అరచేతిలో కూడా ఉంటే అక్కడ తోలు బలం తగ్గుతుంది. వేళ్ల పైవైపు, వేళ్ల పక్కల ఉంటే చాలు. నాకు నప్పింది మాత్రం అరచేతి వైపు నిండు తోలు, పైన మెష్. కిందపడితే రోడ్డుకి రాసుకునేది ఎక్కువగా అరచేయి, గాలికి ఎదురుండేది చేతి వెనకభాగం. ఎవరి పని వాళ్లకి పంచినట్టుంటుంది.

అస్తరు విషయంలో నాది మొండి అభిప్రాయం: మన వాతావరణానికి అస్తరు లేనిదే కొనండి. చెమట పట్టిన చేతిని బయటికి లాగితే లోపలి గుడ్డ కూడా వేళ్లతో పాటు వచ్చేస్తుంది. దాన్ని మళ్లీ అయిదు వేళ్లలోకి తోయడం కంటే సూదిలో దారం ఎక్కించడం తేలిక. ఆఫీసు పార్కింగ్‌లో పేనాతో పొడుస్తూ ఆ అవస్థ నేను పడ్డాను. అస్తరు ఉండే తీరాలంటే వేలికొసల దగ్గర తోలుకి కలిపి కుట్టిందేమో లాగి చూడండి.

వానకి తోలు సరైన జోడీ కాదు. తడిస్తే నాశనమైపోదు గానీ నల్లరంగు అరచేతికి దిగుతుంది, ఆరడానికి రెండు రోజులు. లోపల నీళ్లు చొరని పొర ఉన్న గ్లౌజులు మనకి మిగతా పది నెలలూ ఆవిరి కుడుములే. ముసురు రోజులకి చవక సింథటిక్ జత ఒకటి వేరే పెట్టుకుని, తోలుదాన్ని సీటు కింద పాలిథిన్ కవరులో పెట్టేయండి.

చలి మనకి పెద్ద సమస్య కాదు. ఆదిలాబాద్ డిసెంబరు తెల్లవారుజాములు, లంబసింగి, అరకు దారులు వేరు. అక్కడికీ మందపాటి గ్లౌజు కొనక్కర్లేదు. తోలుదాని లోపల పలచటి సిల్కుదో నూలుదో తొడుక్కుంటే సరిపోతుంది. కాకపోతే తోలు జత మరీ బిగుతుగా ఉంటే ఈ ఉపాయం పారదు.

కవచాలు, ముద్రలు, పొడుగు

దీన్ని తొందరగా ముగిస్తాను. హెల్మెట్‌కి మన దేశంలో ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి, గ్లౌజులకి అలాంటి నిబంధన లేదు. అందుకని చూడాల్సింది యూరప్ ప్రమాణం, ఈఎన్ 13594. లోపలి చీటీ మీద ఆ అంకె, పక్కన రక్షణ స్థాయి చెప్పే 1 గానీ 2 గానీ ఉంటుంది; కణుపుల రక్షణ కూడా పరీక్షించి ఉంటే ‘కేపీ’ అని ఉంటుంది. రోజువారీ తిరుగుడుకి 1 చాలు. ఆ అంకె లేకుండా ఉత్త ‘సీఈ’ అన్న యూరప్ ముద్ర రెండక్షరాలు చూసి మురిసిపోకండి.

అరచేతి మడమ దగ్గర ఒక నున్నటి ప్లాస్టిక్ బిళ్లో, రెండో పొర తోలో ఉంటే మంచిది. పడ్డప్పుడు అక్కడ చెయ్యి రోడ్డుకి అంటుకుపోకుండా జారుతుంది, ఇందాకటి స్కాఫాయిడ్ ఎముకకి అదే కాపలా. అరచేతిలో జెల్ దిండ్లు మాత్రం నాకు నచ్చవు. షాపులో మెత్తగా ఉంటాయి, నెల తిరిగేసరికి గ్రిప్ లావైపోయినట్టు వేళ్లు అలిసిపోతాయి. హ్యాండిల్ వణుకు ఎక్కువున్న పాత బండి అయితే చెప్పలేను, అక్కడ దిండే గెలవచ్చు.

పొడుగు రకం, పొట్టి రకం మధ్య తేల్చుకోవాలా? మణికట్టుని బాగా కాచేది పొడుగుదే. కానీ ఫుల్‌చేతుల చొక్కా, వాచీ, దానిమీద ఈ గొట్టం అంటే సగం రోజులు ఇంట్లోనే వదిలేస్తాం. మణికట్టు దగ్గర వెల్క్రో పట్టీ గట్టిగా బిగిసే పొట్టి రకం తీసుకోండి. పట్టీ బిగించాక వేలికొసలు పట్టుకుని లాగితే ఊడి రాకూడదు, అంతే.

స్కూటీ మీద వెళ్లే ఆడపిల్లలు చున్నీ చుట్టుకుని మోచేతుల దాకా నూలు గ్లౌజులు వేసుకుంటారు కదా, అవి ఎండకి మంచివే. రబ్బరు గ్రిప్ మీద మాత్రం నూలు జారుతుంది, పడితే అర క్షణం కూడా ఆగదు. మా చెల్లి దానికి తనే ఒక దారి కనిపెట్టింది. ఆ పొడుగు నూలు తొడుగుల వేళ్లు కత్తిరించేసి చేతులకి మాత్రమే ఉంచుకుని, అరచేతులకి సన్నటి మేకతోలు పొట్టి గ్లౌజులు వేసుకుంటుంది. నలుపు తప్ప రంగులు లేవని, చిన్న చేతులకి సైజులు దొరకవని తన ఫిర్యాదు. నిజమే, మగవాళ్ల ‘ఎస్’ని ఆడవాళ్లకి అంటగట్టే దుకాణాలే ఎక్కువ. చిటికెనవేలు దగ్గర ఖాళీ మిగిలితే తీసుకోవద్దనే చెప్పాను.

కారు నడిపేవాళ్లకి

కారు గ్లౌజులు పుట్టినప్పుడు కార్లకి కప్పుల్లేవు, స్టీరింగ్ చక్రాలు చెక్కవో లోహానివో. కణుపుల మీద రంధ్రాలు, వెనక తాళంచెవి బెజ్జంలాంటి కోత, మణికట్టున ఒక గుండీ, లోపల అస్తరు లేని పలచటి గొర్రెతోలు: ఆ నాటి రూపమే ఇప్పటికీ నడుస్తోంది. ఏసీ వేసుకుని తిరిగే మన కార్లకి ఇవి అవసరమా అంటే, చాలామందికి కాదు. ఎండలో నిలబెట్టిన కారు స్టీరింగ్ పెనంలా కాలుతుంది, నిజమే. దానికి ఒక తువ్వాలు కప్పి వెళ్తే సరి. అరచేతులు విపరీతంగా చెమర్చేవాళ్లకి, రోజంతా కిటికీ పక్కన కుడిచేయి ఎండకి మాడే డ్రైవర్లకి మాత్రం పనికొస్తాయి. ముందు అద్దం ఆపినంతగా పక్క అద్దాలన్నీ అతినీలలోహిత కిరణాలని ఆపవు. వేళ్లు సగం తెగ్గోసిన రకం ఈ ఎండకి సగమే పని చేస్తుంది.

మిషిగన్, చికాగో, న్యూజెర్సీల్లో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. అక్కడ జనవరిలో రాత్రంతా బయట ఉన్న కారు స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి కొయ్యబారుతుంది. మంచు ఎత్తే ఉబ్బు గ్లౌజులతోనే డ్రైవింగ్ చేస్తే చక్రం మీద పట్టు తెలియదు, వైపర్ మీటా ఇండికేటర్ మీటా అన్నది వేలికి అందదు. ఉన్నివైతే తోలు స్టీరింగ్ మీద జారతాయి. అక్కడివాళ్లకి నా సలహా: పలచటి అస్తరుతో ఉన్న గొర్రెతోలుదో జింకతోలుదో ఒక జత కారులోనే ఉంచుకోండి, మంచు ఎత్తడానికి వేరే జత డిక్కీలో పడేయండి. స్టీరింగ్‌కి హీటర్ ఉన్న కారైతే ఈ ఖర్చు మిగిలింది.

ఎక్కువకాలం రావాలంటే

తోలుని తినేది చెమటలోని ఉప్పు. ఎండాకాలం వారానికోసారి తడిగుడ్డ గట్టిగా పిండి లోపలా బయటా తుడవండి. తడిస్తే నీడలో, గాలి తగిలేచోట, వేళ్లలో పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఆరబెట్టండి. మేడ మీద ఎండలో పరిస్తే సాయంత్రానికి అప్పడం చేతికొస్తుంది. ఇంజను మీద పెట్టి ఆరబెట్టే అలవాటు కూడా మానుకోవాలి. కొబ్బరినూనె రాయమనే సలహా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. రాస్తే మెత్తబడే మాట నిజమే, నాలుగు వారాలకి నల్లబడి కమురు వాసన వేయడమూ నిజమే. తోలు సంచులకి వాడే కండిషనర్ ఏదైనా ఆరు నెలలకోసారి, శనగగింజంత తీసుకుని, పైవైపే రుద్దండి. అరచేతి వైపు వద్దు, పట్టు జారుతుంది. మొదటి వారం కొత్త గ్లౌజు మరీ బిర్రుగా ఉంటే టీవీ చూస్తూ తొడుక్కుని ఒక రబ్బరు బంతి పిసుకుతూ కూర్చోండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. మూడు రోజులకి వేళ్లు వంగుతాయి.